బరంపురం యాక్సిల్

పెళ్ళికి పనికిరాదు, పేరంటానికి పనికిరాదు, డయాలసిస్‌కి తప్ప మరెందుకూ కొరగాదు మా కారు. క్రీము రంగు అంబాసిడర్, మార్కు టూ, పెట్రోలు బండి. మా మావగారు సత్యవేదం గారి రోజుల్లో బారువ నుంచి సోంపేట దాకా ఏ పెళ్ళికొడుకైనా ఇందులోనే ఊరేగాడట. నేను కాపురానికొచ్చేసరికి పెళ్ళికొడుకులు వేరే కార్లకి మారిపోయారు. మేం సోమ, బుధ, శుక్రవారాలు కిడ్నీలు పోయినవాళ్ళని పలాస తీసుకెళ్ళి తీసుకొచ్చే పనికి మారిపోయాం. ఆ కిడ్నీలు పోయినవాళ్ళలో మా ఆయన కూడా ఒకడు.

మా ఆయన పేరు సాల్మన్ రాజు. నా పేరు ఇవాంజెలిన్. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక మా ఊళ్ళో పాస్టరు గారికి తప్ప ఇంకెవరికీ లేదు, అందరికీ నేను ఏంజిలినే.

బండి నడిచే పద్ధతి ఇలా ఉండేది. పొద్దున వెళ్ళేటప్పుడు ఆయన తోలతాడు, నేను పక్కన కూర్చుంటాను. పలాసలో దిగి ఆయనా, మిగతా ముగ్గురూ మంచాలెక్కుతారు. మిషను నాలుగు గంటలు రక్తం కడిగి వదిలాక ఒక్కరికీ ఒంట్లో సత్తువ ఉండదు. అందుకని తిరుగుప్రయాణంలో నేను తోలతాను, ఆయన నా పక్కన వాలిపోయి ఉంటాడు. వెనక సీట్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలనేది వయసునిబట్టి కాదు, కులాన్నిబట్టి అంతకంటే కాదు, సూదులు గుచ్చే చెయ్యి ఏదో దాన్నిబట్టి. తలుపు వైపు మంచి చెయ్యి ఉండాలి, సూది చెయ్యి లోపలికి ఉండాలి. సూరమ్మది ఎడమ చెయ్యి కాబట్టి కుడి తలుపు దగ్గర. గోపాలరావు గారిది కుడి చెయ్యి కాబట్టి ఎడమ తలుపు దగ్గర. మహేష్ కుర్రాడు, మధ్యలో ఎలాగో సర్దుకుంటాడు.

సూరమ్మ జీడిపిక్కలు కొట్టి కొట్టి వేళ్ళు నల్లబడిపోయిన మనిషి. గోపాలరావు గారు కొబ్బరితోటల ఆసామి. ఆయన ఇంట్లో పెద్ద ఏసీ కారు ఉంది, కొడుకు దాన్ని పార్టీ పనుల మీద తిప్పుతుంటాడు, తండ్రి మా కారు ఎక్కుతాడు. మహేష్ గుజరాత్‌లో వెల్డింగు పనికి వెళ్ళి, కాళ్ళు వాచి, ఇంటికొచ్చేశాడు. ముప్పై కూడా లేవు వాడికి.

ఆ ఏప్రిల్లో ఒక శుక్రవారం సోంపేట దాటి బారువ రోడ్డులో వస్తున్నాం. నేనే తోలుతున్నాను. వెనక నుంచి ఠక్కుమని ఒక చప్పుడు. ఇంజిను అరుస్తోంది, బండి మాత్రం అడుగు కదలదు.

"ఏటయినాది?" అన్నాడు ఆయన, కళ్ళు తెరవకుండానే.

"నాకేటి తెల్సు? గేరు పడతంది, బండి పోట్నేదు."

"ఏటవుతాది, గొయ్యిలో దింపీసింది," అన్నారు గోపాలరావు గారు వెనక నుంచి. "ఆడకూతురి సేతికి బండి ఇచ్చి, అందరం పేనాలు అప్పజెప్పీసి కూకున్నాం."

"అంత బయ్యంగా ఉంటే మీ అబ్బాయిని కారు పంపమనండి బాబూ. ఏసీ కూడా ఉంటాది," అన్నాను.

మా ఆయన దిగాడు. చేతికి కట్టిన దూది కట్టు మీద రక్తం మరక ఇంకా తడిగానే ఉంది, ఆ చెయ్యి గుండెకి ఆనించుకుని రోడ్డు మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి చూశాడు. వచ్చిన దారంతా నల్లగా నూనె కారుతూ వచ్చింది. వెనక చక్రాలు రెంటినీ కలుపుతూ అడ్డంగా ఒక ఇనపగొట్టం ఉంటుంది, దాని నడిమధ్య గుమ్మడికాయంత బొడిపె, అందులో పళ్ళచక్రాలు. ఆ మొత్తాన్ని యాక్సిల్ అంటారు. ఆ గుమ్మడికాయ పగిలింది, నూనె కారిపోయింది, నూనె లేక లోపలి పళ్ళు పిండి పిండి అయిపోయాయి.

"పోనాది," అన్నాడు లేచి కూర్చుంటూ.

సూరమ్మ అప్పటికే రోడ్డు పక్క జీడితోటలోకి నడిచి, ఎండుటాకుల మీద చీరకొంగు పరుచుకుని పడుకుంది. "నాను ఇక్కడే తొంగుంటానర్రా. బండి బాగయ్యాక లేపండి," అంది. ఎండలో, ఒంట్లో చుక్క ఓపిక లేకుండా, అందరం నవ్వాం. మహేష్‌ అయితే నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు.

*

మహేష్ వాళ్ళ బావమరిది ట్రాక్టరుకి కట్టి బండిని కాశీబుగ్గలో సూర్యారావు షెడ్డుకి చేర్చాడు. సూర్యారావు మా ఆయన్ని బావా అంటాడు, నన్ను సెల్లీ అంటాడు. మొహం చూసి మాట్లాడే అలవాటు లేదు ఆ మనిషికి, ఏం చెప్పినా బండికే చెబుతాడు.

"బావా, దీనికి అతుకులెట్టీ పని నేదు. యాక్సిలు మొత్తం మార్చాల," అన్నాడు బండి కింద నుంచి. "రెండున్నాయి నా ఎరకలో. ఒకటి బరంపురంలో. మన బండి లాటి బండిదే, ఆ రోజులదే. ఇది ఇప్పీసి అది బిగించీడమే, ఏటీ కొయ్యక్కర్నేదు. కుదుపు మింగీ కమాను పట్టీలు కూడా మనవే ఉంటాయి. ఇప్పుడెలగ మెత్తగా పోతందో అలగే పోతాది. కాకపోతే లోన పళ్ళు అరిగిపోనాయి. ఏడాది లాగుతాది. నీ అదృష్టం బాగుంటే పై ఏడు."

"రెండోది?" అన్నాను నేను.

"టెక్కలిలో ఒక రైసుమిల్లు కాడ పడున్నాది. జీపుది. కొంచెం కోసి, అతికించి మనకి పట్టించాల. దానికి సావు నేదు సెల్లీ. మీ తరవాత ఎవులు తోలినా అది అలగే ఉంటాది. కానీ బరువు. మన కమాను పట్టీలు ఆగవు, లావువి ఎయ్యాల. బండి ఎనక ఎత్తయిపోతాది. గొయ్యి వత్తే ఎనక కూకున్నోడికి నడుం ఇరుగుతాది."

దానికి చావు లేదు అన్న మాట చెవిన పడ్డాక తక్కినవేవీ నాకు వినపడలేదు.

"జీపుదే ఎయ్యన్నయ్యా," అన్నాను.

సూర్యారావు బండి కింద నుంచి తల బయటికి పెట్టి, నన్ను కాదు, ఆయన్ని చూశాడు. మా ఆయన తన చేతులకంటిన గ్రీజు వేస్టుగుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకుంటున్నాడు.

"ఆలోసించి సెప్తాను," అన్నాడు.

"ఆలోసించడానికి ఏటున్నాది ఇందులో? ఒకటి ఉంటాది, ఒకటి పోతాది. పిల్లోడికైనా తెల్సు."

"ఏంజిలీ, ఆలోసించి సెప్తానన్నాను గదా."

బస్సులో ఇల్లు చేరేదాకా నేను ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండడం నాకు చాతకాని పని, ఆయనకి అదొక పండగ. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఆయన ఏ యాక్సిల్ కావాలంటే ఆయన బతుకూ అన్నాళ్ళే అని నా బుర్రలో పడిపోయింది, ఎంత తోసినా పోదు. పిచ్చి మాటని నాకూ తెలుసు. ఆ ఎండాకాలమంతా ఆ పిచ్చితోనే తిరిగాను.

ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు లేచి నిలబడ్డాను. మా బండికి జీపు యాక్సిల్ దొరికేలా ప్రార్థన చెయ్యండని చెప్పేశాను. ఆడవాళ్ళ వైపు కిసుక్కుమన్నారు. పాస్టరు గారు మాత్రం నవ్వలేదు. "ప్రభువా, ఈ కుటుంబమునకు నీ చిత్తమైన యాక్సిలును దయచేయుము," అన్నారు. నేను అడిగింది జీపుది, ఆయన నీ చిత్తమైనది అన్నారు. ఇంటికొచ్చేదాకా పాస్టరు గారి మీద కూడా కోపంగానే ఉంది నాకు.

*

బండి వచ్చేదాకా ఆటో మాట్లాడుకున్నాం. మా ఊరి దారిలో ఆటో ఎక్కినవాళ్ళకి చెప్పక్కర్లేదు. సూది చేతుల లెక్క కుదరదు, కాళ్ళు చాపుకోడానికి ఉండదు, తిరిగొచ్చేటప్పుడు ఎవరికైనా బీపీ పడిపోతే ఒళ్ళో తప్ప పడుకోబెట్టే చోటు లేదు. దానికి తోడు ఎండ. మామూలు మనిషి చెంబెత్తి తాగేస్తాడు. వీళ్ళకి తాగింది ఒంట్లోనే నిలిచిపోతుంది, రోజంతటికీ చిన్న సీసాడు నీళ్ళు, అదీ గుక్క గుక్కా దాచుకుని తాగాలి. సూరమ్మ ఆ సీసాని కొంగులో చుట్టి పసిబిడ్డలాగా ఒళ్ళో పెట్టుకునేది.

ఒక సోమవారం ఆస్పత్రి బయట నీడలో వంతు కోసం కూర్చుని యాక్సిల్ మాటెత్తాను. మా ఆయన అప్పటికే లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన చెప్పకపోతే వీళ్ళ చేత చెప్పిద్దామని నా ఎత్తు.

"జీపుదే అక్కా," అన్నాడు మహేష్ నేను అడగడమే తడవు. "మా అమ్మ కిడ్నీ ఇత్తానంటంది. టెస్టులకి వైజాగ్ ఎల్తన్నాం. నాకు మార్పిడి అయిపోనా చెకప్పులుంటాయి, తిరగాల గదా. అప్పుడు నాను ముందు సీట్లో కూకుంటాను, ఇప్పుడే సెప్తన్నాను."

"ఓరి నీ ముందు సీటు!" అంది సూరమ్మ. "నాకు మెత్తంది కావాలర్రా. ఎముకలు జీడిపిక్కల్లాగా కటకటలాడతన్నాయి. ఎన్నాల్లుంటాదో నాకెందుకు, ఎక్కి కూకుంటే మెత్తగా ఉండాల."

"బాబూ, మీరేటంటారు?" అని గోపాలరావు గారిని అడిగాను.

ఆయన కండువాతో మొహం తుడుచుకుని, "జీపుది," అన్నారు. "మనం పోయినా బండి మిగులుతాది. అమ్ముకుంటే ఎవడో ఒకడు కొంటాడు."

ఈ మనిషి నా వైపు ఓటేసినా నాకు ఒళ్ళు మండింది.

బుధవారం సూరమ్మ ఆటో ఎక్కలేదు. గుమ్మంలో నులకమంచం మీద పడుకుని చెయ్యి అడ్డంగా ఊపింది. "ఇయ్యాల నావల్ల కాదు ఏంజిలీ. ఆటో అంటేనే ఒల్లు వణుకుతంది. సుక్రవారం వత్తాను. అప్పటికి మన కారు వచ్చీదేమో."

"రాదు సూరమ్మా. మా ఆయన ఇంకా ఆలోసిత్తన్నాడు. ఎక్కు, నా ఒల్లో పడుకుందువు గాని."

"సుక్రవారం వత్తానంటన్నాను కదే."

మా ఉద్దానంలో ఒంట్లో బాగులేని మనిషిని పలకరించడానికి ఉత్తి చేతులతో ఎవరూ రారు. అప్పుడే చెట్టు దింపిన బొండాలు గెలగా తెస్తారు. అక్కడే కొట్టి చేతిలో పెడతారు. పెట్టినవాళ్ళ ముందు తాగకపోతే వాళ్ళకి చిన్నతనం. కిడ్నీ పోయినవాళ్ళకి కొబ్బరినీళ్ళు విషమని డాక్టర్లు చెప్పని రోజు లేదు, అందులో ఉన్నదేదో గుండెని ఆపేస్తుందట. సూరమ్మకీ తెలుసు. మా నలుగురికీ ఎన్నిసార్లు చెప్పిందో, బొండం చూస్తే మొహం తిప్పుకోండర్రా అని. ఆ బుధవారం సాయంత్రం కవిటి నుంచి ఆవిడ చెల్లెలి కుటుంబం చూడ్డానికి వచ్చింది. మిషను ఎక్కలేదు, ఎండ అలా కాస్తోంది, సీసాలో నీళ్ళు అయిపోయాయి. చెల్లెలే బొండం కొట్టి నోటికి అందించిందట. ఒకటి తాగి, ఇంకోటి కొట్టమందట. "ఇన్నాల్లకి ఒల్లు సల్లబడినాదే," అందట.

గురువారం తెల్లారేసరికి సూరమ్మ లేదు. పాపం ఆ చెల్లెలు గుండెలు బాదుకుంటూ, "నానేటి సేసినానమ్మా, బొండమే గదా ఇచ్చినాను," అని వచ్చినవాళ్ళందరినీ అడుగుతోంది. ఆ పెరట్లో మిగిలిన బొండాలు గెలతో సహా అలాగే ఉన్నాయి.

పాడె లేచాక మా ఆయన వీధరుగు మీద కూర్చుని, "సనివారం టెక్కలి ఎల్దాం. ఆ జీపుది సూసీద్దాం," అన్నాడు.

*

టెక్కలి వెళ్ళాం. రైసుమిల్లు వెనకాల ఊకగుట్ట పక్కన పడి ఉంది జీపు యాక్సిల్. ఆయన దాన్ని స్పానరుతో కొట్టి చూశాడు, గంటలాగా మోగింది. కాలితో తోసి చూశాడు, కదల్లేదు. చివరికి దాని మీదే కూర్చుని కాస్త ఆయాసం తీర్చుకున్నాడు.

"ఎలగుంది?" అన్నాను, గొంతులో ఆశ కనపడకుండా.

"గట్టి సరుకు. ఇలాటిది మళ్ళీ దొరకదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఊకలో దాన్ని నేనూ చేత్తో తడిమాను, ఎండకి కాలిపోతోంది. వచ్చేటప్పుడు బస్టాండులో జిలేబీ కొన్నాను. ఆయనకి ఒక ముక్క పెట్టాను, తిన్నాడు. పెళ్ళయిన కొత్తలో కూడా అంత మురిపెంగా పెట్టి ఉండను.

"మరి సూర్యారావుకి ఫోను సేసీనా?" అన్నాను.

"బరంపురంది కూడా సూసీసి," అన్నాడు.

అక్కడే నాకు అనుమానం రావాల్సింది. వచ్చింది కూడా. కానీ నోట్లో జిలేబీ ఉంది, చేతిలో ఆయన చెయ్యి ఉంది, ఆ పూటకి అనుమానాన్ని పక్కన పెట్టాను.

తర్వాతి మంగళవారం సోంపేట స్టేషన్లో రైలెక్కి బరంపురం వెళ్ళాం. పాత ఇనప సామాన్ల వీధిలో, సగం ఒడియా సగం తెలుగు మాట్లాడే ఒకాయన కొట్టు వెనక దొడ్డిలోకి తీసుకెళ్ళాడు. పాత అంబాసిడర్లు చర్మం ఒలిచిన గొడ్ల మాదిరి వరసగా పడి ఉన్నాయి. ఒక మూల రెండు ఇటుకల మీద మా యాక్సిల్. అచ్చం మాదే. చూడగానే మా బండిదే ఎవరో ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టారా అనిపించింది.

మా ఆయన దాని పక్కనే గొంతుకూర్చుని, చెవి గుమ్మడికాయకి ఆనించి, ఒక చేత్తో తిప్పాడు. తిప్పుతూ విన్నాడు. గుర్రుమని మూలుగుతోంది, నించున్న నాకే వినపడుతోంది.

"మూలుగుతంది," అన్నాను. "ముసిల్దాయిలాగ."

"మూలుగుతాది. అరిగిపోనాయి గదా." ఇంకోసారి తిప్పాడు. "కానీ కుదుపు నేదు." తర్వాత ఆ కొట్టాయన వైపు తిరిగి, "ఇదే ఇచ్చీండి," అన్నాడు.

అంతే. అడిగింది లేదు, నా మొహం చూసింది లేదు. పదిమందిలో మొగుడి మీద అరవకూడదని మా అమ్మ నేర్పింది. ఆ దొడ్డిలో అదంతా మర్చిపోయాను.

"ఏడాదయ్యా! ఏడాది లాగుతాదన్నాడు సూర్యారావు. ఏడాదికి కొంటన్నావా నువ్వు? అంటే ఏటి నీ లెక్క? ఏడాదేనా నీకు? పై ఏడు నాకు బండక్కర్నేదా, నీకక్కర్నేదా?"

కొట్టాయన మెల్లిగా అవతలికి వెళ్ళిపోయాడు.

"అరవకు ఏంజిలీ."

"అరుత్తాను! టెక్కలిలో గట్టి సరుకన్నావు. ఇలాటిది దొరకదన్నావు. సచ్చిపోడానికి తయారైపోయి, బండిని కూడా నీతో తీసుకెల్లిపోదామనుకుంటన్నావు."

"ఎనక కూకున్నోలకి మెత్తగా ఉండాల," అన్నాడు. గొంతు పెంచలేదు. ఆయనెప్పుడు పెంచాడు గనక!

"ఎనక ఎవులున్నారు? సూరమ్మ పోనాది. మహేష్ కుర్రోడు, ఓర్సుకుంటాడు. ఆ గోపాలరావు బాబుకి నడుం ఇరిగితే ఇరగనీ! నువ్వు కూకునేది ముందర. ముందు సీటుకి జీపు యాక్సిలైతే ఏటి, ఎడ్లబండి ఇరుసైతే ఏటి?"

ఆయన నా వైపు చూశాడు. ఏదో చెప్పబోయాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి, నాలికతో తడుపుకున్నాడు. "ఎండలో నిలబడిపోనావు. సోడా తాగుదువు గాని, రా," అన్నాడు.

వీధి చివర బడ్డీలో నిమ్మసోడా ఇప్పించాడు. నేను తాగుతున్నంతసేపూ అటు తిరిగి నిలబడ్డాడు, చూస్తే దాహమేస్తుందని. సగం సోడా కాలవలో పారబోశాను.

*

యాక్సిల్ లారీలో కాశీబుగ్గ వచ్చింది. బిగించే రోజు నేను వెళ్ళలేదు, కోపం తగ్గలేదు. మహేష్ వెళ్ళి సూర్యారావుకి సాయం చేశాడు. సాయంత్రం బస్సు దిగి మా ఇంటి మీదుగా పోతూ గుమ్మం దగ్గర ఆగాడు.

"అక్కా, బాగా కుదిరింది. తోలి సూసినాం. పడవలాగ పోతంది."

"నువ్వు కూడా జీపుదే అన్నావు గదరా. ఇప్పుడు పడవలాగుందా నీకు?"

వాడు నవ్వాడు. తర్వాత చెప్పులు విప్పి అరుగు మీద కూర్చున్నాడు. "మా అమ్మ రిపోర్టులొచ్చినాయి అక్కా."

నేను గిన్నె కింద పెట్టాను.

"అమ్మకీ పోనాయట. నాకంటే ముందునించే పోతన్నాయట, తెలీలేదంతే. 'మీ అమ్మ నీకివ్వడం కాదు, ఆవిడికే ఎవులైనా ఇయ్యాల,' అన్నాడు డాక్టరు." కాళ్ళ మీద చీమని దులుపుకున్నాడు. "సుక్రవారం నించి అమ్మ కూడా వత్తాది మనతో. సూరమ్మ సోటు కాళీయే గదా. అమ్మది కూడా ఎడం సెయ్యే."

గిన్నె పక్కకి జరిపి నేనూ అరుగు మీదకొచ్చి కూర్చున్నాను. వాడే, "ఏ యాక్సిలైతేనేటి గానీ," అని లేచి చెప్పులు వేసుకున్నాడు. వెళ్ళేటప్పుడు మంచినీళ్ళు కావాలా అని అడగబోయి, అడక్కూడదని గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక మా ఆయన ఒక్కడే వెళ్ళి బండి తెచ్చాడు. నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. పెరట్లో బండి ఆగిన చప్పుడు, తలుపు వేసిన చప్పుడు, తర్వాత చాలాసేపు ఏవో స్పానర్ల చప్పుడు. సూర్యారావు ఏదో సరిగా బిగించలేదు కాబోలు అనుకున్నాను. అన్నానికి పిలిస్తే చేతులు కడుక్కుని వచ్చాడు. ఇద్దరం తలొంచుకుని తిన్నాం.

సోమవారం పొద్దున సన్నగా వాన పడుతోంది, ఆ ఏటికి అదే మొదటి వాన. చేతిసంచీలో దుప్పటీ, మందులూ పెట్టుకుని నేను ఎప్పటిలాగే ఎడమవైపు ముందు తలుపు దగ్గరికి వెళ్ళాను. ఆయన ఇంటికి తాళం వేసి వచ్చాడు. స్టీరింగు వైపు వెళ్ళాడు, అటు వైపు ముందు తలుపు దాటాడు, వెనక తలుపు తీశాడు. ఒక చేత్తో పైన పట్టుకుని, కాళ్ళు ఒక్కొక్కటే చేత్తో ఎత్తి లోపల పెట్టుకుని, కూర్చున్నాడు. బండి తాళాలు ముందు సీటు మీదుగా నాకు అందించాడు.

"బేగి ఎక్కు. గోపాలరావు గారు వానలో నిలబడిపోతారు."

"ఇదేటి?" అన్నాను.

"కాళ్ళు తెలీట్నేదు ఏంజిలీ. బ్రేకు మీద ఉన్నాదో, నేల మీద ఉన్నాదో."

"ఎప్పట్నించి?"

"క్రిస్మస్ కాడ్నించి." వాన తుంపర మీద పడుతోంది, తలుపు దగ్గరికి లాక్కున్నాడు. "నిన్న కాశీబుగ్గ నించి కాళ్ళకేసి సూసుకుంటా తోలుకొచ్చినాను. ఇంక తోలకూడదు. మనుసులుంటారు గదా బండిలో."

క్రిస్మస్ నుంచి. అన్ని నెలలు, ముగ్గురు మనుషుల్నీ నన్నూ కూర్చోబెట్టుకుని, తెలియని కాళ్ళతో తోలాడు. తిడదామని నోరు తెరిచాను. బరంపురం దొడ్డిలో నువ్వు కూకునేది ముందర అని నేను అరిచినప్పుడు ఆయన పెదాలు తడుపుకున్నది కళ్ళ ముందుకొచ్చింది. వెనక కూర్చునేవాళ్ళంటే ఎవరో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

బండి చుట్టూ తిరిగి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాను. ఆయన పొడగరి, నేను పొట్టి. తిరుగుప్రయాణంలో ప్రతిసారీ సీటు ముందుకి లాక్కుంటే గాని నా కాలు బ్రేకుకి అందదు. అలవాటుగా సీటు కిందికి చెయ్యి పెట్టి లాగాను. రాలేదు. సీటు అప్పటికే ముందుకి ఉంది. నా కాళ్ళు సరిగ్గా అందాయి. కింద తడిమి చూస్తే జారే పట్టాకి రెండు వైపులా కొత్త బోల్టులు తగిలాయి, గట్టిగా బిగించి ఉన్నాయి, ఆ సీటు ఇంక వెనక్కి జరగదు.

"సుక్రవారం మహేష్ వాళ్ళమ్మ వత్తాది. ముందు సీటు మహేష్ అడిగినాడు గదా. ఆవిడికి ఈ సోటు ఇచ్చీసి నాను మద్దెన కూకుంటాను," అన్నాడు వెనక నుంచి. "ఇంక పోనీ."

పోనిచ్చాను.